మతం గడిలో ఏం రాయాలి

కరీంనగర్,
2-6-1964

చిరంజీవి ప్రభుదాసుకు బాపు దీవెనలు.

మీ అవ్వ మోకాళ్లు, నా నోరు తప్ప ఇంట్లో అన్నీ బాగానే ఉన్నాయి. బెల్లంపల్లి బొగ్గు దుమ్ముకు మనవరాలు మరియం దగ్గుతోందని రాశావు. మీ అవ్వ అప్పుడే కరక్కాయలు మూట కట్టింది.

పిల్లను బడిలో వేయాలి, దరఖాస్తులో మతం గడి ఉంది, ఏం రాయమంటావని అడిగావు. మూడు మతాలను ఒకటి చేస్తానని పుస్తకం మొదలుపెట్టినవాడివి కదా అని కూడా అన్నావు. ఎగతాళికన్నావో, నిజంగానే అడిగావో తెలియదు. నిజంగానే అనుకొని రాస్తున్నాను.

ఆ పుస్తకం నేనొక్కడినే రాయలేదు. నేను హెడ్మాస్టరుగా ఉన్న బడిలోనే ఫార్సీ చెప్పిన జబ్బార్ సాబ్, అంటే నీ మామ, నేను కలిసి పద్దెనిమిదేళ్లు రాశాం. యూదులు, క్రైస్తవులు, ముసల్మానులు ముగ్గురికీ దేవుడొక్కడే, అబ్రాహామూ ఒక్కడే, మరి మూడు గుమ్మాలెందుకని మా వాదం. మూడు వందల పేజీలయ్యాయి. మన పాస్టరు ప్రసంగంలో నన్ను తెలివి ముదిరిన గొర్రె అన్నాడు. ఆయనకు హీబ్రూ రాదు, అరబీ రాదు, తెలుగు సగం వచ్చు. మీ అవ్వ మాత్రం సరైన మాటే అడిగింది: "యూదులను కలుపుతనంటున్నవ్, కరీంనగర్ల ఒక్క యూదుణ్ణన్న చూసినవా?" చూడలేదు. అందుకే వాళ్లతో ఒక్క తగవూ రాలేదు.

తగవు నాకూ జబ్బార్ సాబ్‌కే వచ్చింది. అబ్రాహాము బలి ఇవ్వబోయిన కొడుకు ఎవరు? నేను ఇస్సాకు అన్నాను. ముసల్మానులు ఇస్మాయిల్ అంటారు. జబ్బార్ సాబ్ నవ్వి, "ఖురాన్‌ల ఆ జాగల పేరే లేదు సాబ్. మనం గూడ ఉత్త 'కొడుకు' అని రాసి ముందుకు పోదాం, గింతదానికి జిద్దెందుకు?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. పుస్తకం అక్కడే ఆగింది.

మూడు మతాలూ కలుస్తాయా అంటావా, కలవవు. కలుద్దామన్న ప్రతివాడూ ఎదుటివాణ్ణి తన ఇంటికి రమ్మంటాడే గాని, తాను వస్తాననడు. నేనూ అంతే. కాబట్టి ఆ గడి సంగతి నన్నడగకు. కోడలు రషీదాను అడుగు, ఆమె చెప్పింది రాయి.

ఇక అసలు సంగతి. పోయిన ఉత్తరం చివర కోడలు తన తండ్రి గురించి తన చేత్తో ఒక వాక్యం రాసింది: "అబ్బాజాన్ ఎన్నడన్న నా పేరు ఎత్తుతరా?" వారం రోజులుగా అన్నం సయించలేదు.

ఏడేళ్ల కింద మీరు రిజిస్టరు పెళ్లి చేసుకున్న మూడో రోజు జబ్బార్ సాబ్ మన ఇంటికి వచ్చాడు. చేతిలో మిఠాయి. "మనం పద్దెనిమిదేండ్లు రాసినా పూర్తిగాలే సాబ్, పోరలు ఒక్క దినంల పూర్తిజేసిన్రు. పోదాం రాండ్రి, దీవించొద్దాం," అన్నాడు. అప్పటికి నేను మీ పెళ్లి మీద కోపంతో ఉడుకుతున్నాను. నేను కాలేకపోయిన పెద్దమనిషి ఆయన ఎట్లా అయ్యాడని ఇంకా మండింది. "మీ బిడ్డ మీ మొహం చూడనంటుంది," అన్నాను. హెడ్మాస్టరు అబద్ధమాడతాడని ఆయనకు తోచలేదు. మిఠాయి అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. నీకేమో, తన బిడ్డ చచ్చిందని నీ మామ అనుకుంటున్నాడని రాశాను. నేరుగా పుట్టింటికి రాస్తే చింపేస్తారేమోనని రషీదా తండ్రికి రాసిన రెండు ఉత్తరాలు నువ్వు నా కవరులోనే పెట్టి పంపావు. అవి ఇవ్వలేదు. విప్పలేదు కూడా.

నిన్న తీసుకెళ్లి ఇచ్చాను. నిలబడే అంతా చెప్పాను. తెర వెనక నుంచి ఆయన భార్య మహబూబ్‌బీ, "ఏడేండ్లు! నా బిడ్డ కాన్పు గూడ తెల్వనియ్యకపోతివి గదయ్యా!" అని ఏడ్చింది. జబ్బార్ సాబ్, "పిల్ల పేరేంది?" అన్నాడు. చెప్పాను. మరియం, మరియం అని రెండుసార్లు అనుకున్నాడు. తర్వాత, "పెద్దపల్లిల రైలు ఎన్నింటికి?" అన్నాడు. నేను లేవబోతుంటే, "మీరు గూడ రావాలె. రషీదాకు మీ నోటితోనే చెప్పాలె. కాని తొవ్వల నాతోని మాట్లాడొద్దు," అన్నాడు.

వచ్చే సోమవారం వస్తున్నాం. వాళ్లిద్దరూ, మీ అవ్వ, నేను. ఈ ఉత్తరం ముందుగా రషీదాకు చదివి వినిపించు. విన్న తర్వాత ఆమె నన్ను గడప తొక్కనివ్వకపోతే తప్పు పట్టను, స్టేషన్లో కూర్చుని తిరుగు రైలు ఎక్కుతాను. నీ మామను మాత్రం చేయి పట్టి దించుకో. చూపు బాగా తగ్గింది, కాని ఎవరికీ చెప్పడు.

ఇట్లు,
మరియం తాత,
రాజరత్నం