సెల్లార్ గది తాళంచెవి

బాన్సువాడ,
మే 6, మంగళవారం.

అబ్బాకు,

మీ తహ్రీమ్ సలాం చేసి రాస్తున్నది. ఒకే ఇంట్లో ఉంటూ ఉత్తరమేమిటని నవ్వకండి. నాలుగు రోజులుగా మీరు నాతో మాట్లాడటం లేదు. నేను అన్నం వడ్డిస్తే ప్లేటు తీసుకుని వాకిట్లోకి పోతున్నారు. నేను మూడడుగుల దూరంలో ఉండగానే, కూరలో ఉప్పు ఎక్కువైందని నీ బిడ్డకు చెప్పమని అమ్మీతో అంటున్నారు. అమ్మీ మాత్రం ఎన్నాళ్లని మనిద్దరి మధ్య తపాలా మోస్తుంది? అందుకే ఈ కాగితం మీ పనిముట్లు, గేజీలు ఉండే పెట్టెలో పెడుతున్నాను. ఆ పెట్టె తెరవకుండా మీకు రోజు గడవదు. ఉర్దూలో రాద్దామంటే ఉత్తరం రాసేంత నాకు రాదు, మీకూ రాదు. గిరాకీలకు బిల్లులు రాస్తూ మీరు నేర్చుకున్న తెలుగు, సర్కారు బడిలో నేను చదివిన తెలుగు, మన రాతకు మిగిలింది ఇదే.

ముందే చెబుతున్నాను, ఇది మాఫీ అడిగే ఉత్తరం కాదు.

శుక్రవారం జరిగింది మీరూ చూశారు, కానీ నా మాట వినకుండానే వచ్చేశారు. చందూలాల్ సేఠ్ పెళ్లి మండపంలో మూడంతస్తులకూ చల్లదనం ఇచ్చే పెద్ద మెషిన్‌లో కంప్రెసర్ కాలిపోయింది. కొత్తది బిగించాలంటే ముందు లోపలున్న పాత గ్యాస్‌ను ఖాళీ చేయాలి. తక్కువలో తక్కువ అరవై కిలోలు. ఖాళీ చేయడానికి మన ఊళ్లో ఉన్న పద్ధతి ఒకటే: వాల్వ్ తిప్పి, తలుపు దగ్గరికి వేసి, బస్టాండు దగ్గర చాయ్ తాగి రావడం. మీ ఉస్తాద్ మీకు నేర్పింది అదే, మీరు నాకు నేర్పిందీ అదే. సేఠ్‌తో ఒక మాట చెప్పి వస్తానని మీరు మెట్లెక్కారు. నేను మీ వెనకే బయటికి వచ్చి, సెల్లార్ గదికి తాళం వేసి, చెవి నా పర్సులో వేసుకున్నాను. పైకి వచ్చి, గ్యాస్ వదలనివ్వనని మీ ఇద్దరి ముందే చెప్పాను.

సేఠ్ నన్నూ చూశాడు, మిమ్మల్నీ చూశాడు. మేనేజర్ శివరాం వింటుండగానే నవ్వుతూ అన్నాడు. "ఆబిద్ భాయ్, గీ పనికి ఉస్తాద్ నువ్వా, నీ బిడ్డనా?"

ఆ మాట మీకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు అబ్బా. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఏ దుకాణంలో ఏసీ ఆగినా ముందు మీ పేరే తలుచుకుంటారు. ఆడపిల్లకు పానా ఎందుకిచ్చావని బంధువులందరూ దెప్పిపొడిచినప్పుడు, నా బిడ్డ చెయ్యి నా చెయ్యికన్నా నిదానమని చెప్పింది మీరే. అలాంటి మిమ్మల్ని నలుగురిలో తలదించుకునేలా చేశాను. దానికి బాధపడుతున్నాను. కానీ తాళం మాత్రం తీయను.

ఆ గది పక్కనే వాచ్‌మన్ సమ్మన్న కాపురం. మధ్యలో ఉన్నది గోడ కూడా కాదు, ప్లైవుడ్ చెక్క. ఆయన భార్య అంజవ్వ మోకాళ్ల నొప్పులతో పగలంతా అక్కడే నేల మీద చాప వేసుకుని పడుకుంటుంది. ఈ గ్యాస్ గాలికన్నా బరువు. మనం గుర్తుపట్టేంత వాసన ఉండదు, కంటికి కనిపించదు. కింది గదిలో వదిలితే తొట్టిలో నీళ్లు నిండినట్టు నేల నుంచి నిండుతూ వస్తుంది. దాంట్లో మునిగిన మనిషికి తను మునుగుతున్నట్టు కూడా తెలియదు. అంజవ్వను చెల్లెలింటికి పంపమని సమ్మన్నకు చెప్పాను. మనిషి మెత్తన. "నీ మాట విన్ననని సేఠ్‌కు ఎరుకైతే కొలువు పోతది బిడ్డా" అన్నాడు.

గొట్టం పెట్టి బయటికి వదులుదామంటారేమో. అప్పుడు అంజవ్వ బతుకుతుంది, మరి పైన ఆకాశం సంగతి? ఎండలోని చెడు కిరణాలను ఆపే ఓజోన్ పొరను ఈ గ్యాస్ తినేస్తుంది. దాని బదులు శివరాం తెస్తానంటున్న ఇంకో గ్యాస్ ఆ పొరను ముట్టుకోదు గానీ, పైకి పోతే వేడిని కప్పి పెట్టడంలో బొగ్గు పొగకు రెండు వేల రెట్లు. ఈ ఏడు ఎండలు ఎన్నడూ లేనట్టు కాస్తున్నాయని మొన్న మీరే అన్నారు. కాయవా మరి? లోపల చల్లబరుస్తూ బయట మంట పెడుతున్నది మనమే. ఆ మంటకు ఆగలేక జనం ఇంకో ఏసీ కొంటారు, మనకు ఇంకో పని దొరుకుతుంది. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే.

అందుకే సేఠ్‌కు కాగితం రాసిచ్చాను. ఇప్పటికైతే నిజామాబాద్ నుంచి రికవరీ మెషిన్ తెచ్చి, పాత గ్యాస్‌ను సిలిండర్లలోకి లాగుదాం. రెండు రోజులు పడుతుంది, పడనీ. పెళ్లి పద్దెనిమిదో తారీఖున. ఈ సీజన్ గడిచాక, వానలు వెనకబట్టాక, ఈ ముసలి మెషిన్‌ను సాగనంపి ప్రొపేన్‌తో నడిచేది పెడదాం. వంటగ్యాస్ చుట్టాన్ని తెచ్చి పెళ్లి మండపంలో కూర్చోబెడతావా అని సేఠ్ ఎగతాళి చేశాడు. మండపంలో కాదు, వెనక ప్రహరీ దగ్గర ఆరుబయట. గ్యాస్ ఆ మెషిన్ దాటి రాదు, గొట్టాల్లో మండపంలోకి వచ్చేది చల్లటి నీళ్లే. లీకైతే గంట మోగే పరికరం ఉంటుంది. అది అంటుకునే గ్యాసే, కాదనను. అందుకే దాని కోసమే తయారైన మెషిన్‌లో, కొద్ది మోతాదులో, బయటే ఉండాలి. కొందరు మెకానిక్‌లు వంటగ్యాస్‌ను పాత ఏసీల్లోకి ఎక్కిస్తున్నారు చూడండి, అది మాత్రం ప్రాణాలతో ఆట.

సేఠ్ వచ్చే శుక్రవారం దాకా గడువిచ్చాడు. జుమ్మా నమాజు అయ్యేలోగా మనం తాళం తీయకపోతే బోధన్ నుంచి వేరే మెకానిక్‌ను పిలిపించి, తాళం పగలగొట్టించి, గ్యాస్ వదిలించేస్తానన్నాడు. మీ జవాబు కోసం చూస్తుంటాను. తిట్టినా సరే, నన్నే తిట్టండి, అమ్మీతో చెప్పించకండి.

మీ మొండి కూతురు,
తహ్రీమ్.


బాన్సువాడ,
మే 8, గురువారం.

అబ్బాకు,

మళ్లీ మీ తహ్రీమే. మీరు నా ఉత్తరం చదివారు, ఆ కాగితం నేను పెట్టిన మడతలో లేదు. నాకు జవాబివ్వలేదు గానీ అమ్మీతో అన్నారట: "మూడేండ్లు చదివి ముప్పై ఏండ్ల తజుర్బాను తప్పంటది. నా చేతిల గ్యాస్‌తోని ఎవలన్న సచ్చిండ్రా?"

మీ ప్రశ్నకు సగం జవాబు నా దగ్గర తొమ్మిదేళ్లుగా ఉంది. చెప్పడానికి నోరు రాలేదు. ఇప్పుడు కూడా రావడం లేదు, చేత్తో రాస్తున్నాను.

నేను పదో తరగతి రాసిన ఎండాకాలం గుర్తుందా? రంజాన్ జూన్‌లో వచ్చింది. డోంగ్లి దగ్గర భీంరావు కోల్డ్ స్టోరేజీకి నన్ను వెంట తీసుకుపోయారు. మెషిన్ గుంతలో వాల్వ్ తిప్పి మీరు పైకి వచ్చారు. పానా కిందే మరిచిపోయారని తేవడానికి నేను దిగాను. రెండు మెట్లు దిగడం గుర్తుంది, ఆ తర్వాత దవాఖాన పైకప్పు గుర్తుంది. నన్ను భుజాన వేసుకుని తెచ్చారట. ఎండ, దాహం, రోజా ఉపవాసం, పాపం పసిపిల్ల అన్నారు అందరూ. రోజా ఉన్న బిడ్డను పనికి తీసుకుపోయిన పాపిని నేనని మీరు గోడకు తల ఆనించి ఏడ్చారు. ఆ తర్వాత రంజాన్ నెలలో నన్ను పనికి రానీయలేదు. గ్యాస్ వదిలేటప్పుడు కింది గదుల్లోకి నన్ను దించకుండా మీరే దిగారు. ఏటా పండుగ అయ్యాక నా పేరు తలుచుకుని మీరు రోజాలు ఉంటారని అమ్మీ చెప్పింది.

అబ్బా, ఆ రోజు నేను రోజా లేను.

నెలలో కొన్ని రోజులు ఆడవాళ్లకు రోజా ఉండదని మీకూ తెలుసు. తెలిసినా, ఏ ఇంట్లోనూ ఏ ఆడపిల్లా ఆ సంగతి తండ్రి ముందు బయటపడనీయదు. తెల్లవారకముందే సహరీ తిండికి మీతో పాటే లేచి కూర్చుంటాం. ఇఫ్తార్‌కు మీతో పాటే ఖర్జూరం నోట్లో పెట్టుకుంటాం. మధ్యాహ్నం వంటింటి తలుపు చాటున గబగబా తింటాం. ఆ రోజు బయల్దేరే ముందు అమ్మీ నాకు ఖిచిడీ, ఖట్టా పెట్టింది. కడుపునిండా తిన్నాను, చెంబెడు నీళ్లు తాగాను. నేను పడిపోయింది ఆకలికి కాదు, దాహానికీ కాదు.

దవాఖానలో మీరు ఏడుస్తుంటే చెబుదామనే నోరు తెరిచాను. అమ్మీ నా చెయ్యి గట్టిగా నొక్కింది. అప్పటికి ఎందుకు పడ్డానో నాకూ తెలియదు. పాలిటెక్నిక్ రెండో ఏడు క్లాసులో సార్ ఈ గ్యాస్ బరువు గురించి చెబుతుంటే, డోంగ్లి గుంతలో నేను ఎందుకు పడ్డానో అర్థమైంది. ఆ రోజే ఇంటికొచ్చి మీకు చెప్పాల్సింది. చెప్పాలంటే ముందు ఆ రోజు అన్నం తిన్నానని చెప్పాలి, ఎందుకు తిన్నానో చెప్పాలి. సిగ్గుపడ్డాను. నా సిగ్గు వల్ల మీరు ఇన్నేళ్లూ వాల్వులు తిప్పి, తలుపులు వేసి, చాయ్‌కి పోతూనే ఉన్నారు. ఎన్ని గదులో, ఎంతమంది పక్కనున్నారో లెక్కలేదు. ఇక సిగ్గు చాలు. ఇది చదివి మీరు ఇంకో నెల నాతో మాట్లాడకపోయినా చాలు అనే అంటాను.

రేపు జుమ్మా అయ్యేసరికి ఆ తలుపు ముందు కూర్చుంటాను. ఎవరు సుత్తె పట్టుకొచ్చినా లేవను. మీరు వచ్చి సేఠ్ పక్కన నిలబడినా లేవను.

మీ బిడ్డ,
తహ్రీమ్.


బాన్సువాడ,
శుక్రవారం పొద్దున.

నా బిడ్డ తహ్రీమ్‌కు,

అబ్బా దువా చేసి రాసేది. "గ్యాస్ నింపినది, సర్వీసు చేసినది" అని తప్ప నేను ఇంత పొడుగు ఎన్నడూ రాయలేదు. తప్పులుంటే నువ్వే దిద్దుకో.

నీ రెండో ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి సగంలోనే మడిచేశాను. తండ్రికి బిడ్డ రాసే సంగతి కాదని కోపం వచ్చింది. రెండోసారి పూర్తిగా చదివాక ఆ కోపం నా మీదికే తిరిగింది. నువ్వు నీ సిగ్గు వల్ల నాకు నిజం తెలియలేదని రాశావు. ఆ తప్పు నీ నెత్తిన వేసుకోకు.

ఆ రోజు నిన్ను ఎత్తుకోవడానికి ఊపిరి బిగబట్టి గుంతలోకి దిగాను. నీ తల పక్కన నేల మీద రెండు బల్లులు వెల్లకిలా పడి ఉన్నాయి. కళ్లారా చూశాను. పైకి వచ్చాక భీంరావు రోజా అన్నాడు, డాక్టర్ ఎండ అన్నాడు, నేనూ తలూపాను. బల్లులు రోజా ఉండవని నాకు తెలియదా తల్లీ?

తెలుసు. రోజా అంటే అల్లా పేరు మీద పోతుంది. గ్యాస్ అంటే నా చెయ్యి మీదికి వస్తుంది. సొంత బిడ్డను నా చేత్తోనే చంపబోయానని ఒప్పుకుంటే మళ్లీ పానా పట్టగలనా? అందుకని రోజా అనే నమ్మాను. నమ్మినట్టు ఉండీ ఉండీ నిజంగానే నమ్మాను. కానీ కింది గదిలోకి నిన్ను ఎందుకు దించలేదో నా లోపలికి తెలుసు. పండుగ తర్వాత ఉన్న రోజాలు నీ కోసం కాదు, నా కోసం. సెల్లార్‌కు నువ్వు తాళం వేసినప్పుడు సేఠ్ నవ్వాడని కోపం రాలేదు. నీకు సంగతి తెలిసిపోయిందని భయం వేసింది. ఆ భయాన్నే వారం రోజులు కోపంలాగా చూపించాను.

పొద్దున ఫజర్ నమాజు కాగానే సేఠ్ ఇంటికి పోయాను. ఆయన చాయ్ ఇచ్చాడు, తాగలేదు. నిలబడే చెప్పాను. "గా దినం ఉస్తాద్ ఎవలని అడిగినవ్ గద సేఠ్. నా బిడ్డనే ఉస్తాద్. ఆమె గ్యాస్‌ను సిలిండర్లల్ల గుంజినంకనే కంప్రెసర్ బిగుస్తది. నువ్వు బోధన్ మనిషిని పిలిస్తె పిలువు. గా తలుపు ముంగట నేను సుత కూసుంట."

సేఠ్ చాలా సేపు గొణిగాడు. బోధన్ మెకానిక్‌కు ఫోన్ చేసి రావద్దన్నాడు. అంజవ్వను పని అయ్యేదాకా పై అంతస్తు గదిలో ఉంచమని శివరాంకు చెప్పాడు. నీ ప్రొపేన్ మెషిన్ మాట ఎత్తితే మాత్రం ఔననలేదు, కాదనలేదు, వానలు పోయాక చూద్దామన్నాడు. ఆయన్ని ఒప్పించే పని నీది. దానికన్నా ముందు నాకు నేర్పు. అంటుకునే గ్యాస్ బయట ఉంటే ఎందుకు మంచిదో నాకు ఇంకా పూర్తిగా తలకెక్కలేదు. నేర్పేటప్పుడు నా మీద కేకలు వేయకు, నేను నీకు నేర్పినప్పుడు వేశాను గానీ నువ్వు వేయకు.

నగేశ్ ట్రాలీ ఆటోలో నిజామాబాద్ పోతున్నాను. రికవరీ మెషిన్, సిలిండర్లు తీసుకుని సాయంత్రానికి వస్తాను. జుమ్మా అక్కడే చదువుకుంటాను. నువ్వు తలుపు ముందు కూర్చోవాల్సిన పని లేదు. అయినా కూర్చుంటానంటే నీళ్ల బాటిల్ పట్టుకుని పో.

ఒక మాట ఆపుకోలేక రాస్తున్నాను. నువ్వు సెల్లార్‌కు వేసింది మన పనిముట్లతో ఉండే తాళమే, దాన్ని కొన్నది నేనే. దానికి రెండు చెవులు వచ్చాయి. ఒకటి నీ పర్సులో ఉంది. రెండోది వారం రోజులుగా నా కమీజు జేబులోనే ఉంది. ఆదివారం నువ్వు చూడకుండా ఆ తలుపు దాకా పోయాను. చెవి తాళంలో పెట్టాను కూడా. చెక్క అవతల అంజవ్వ దగ్గింది. తిప్పకుండానే తీసుకుని ఇంటికొచ్చాను. ఈ కాగితంలో చుట్టి నీ టిఫిన్ డబ్బా మీద పెడుతున్నాను. ఇక రెండూ నీ దగ్గరే ఉండనీ.

నీ అబ్బా,
ఆబిద్.

రాత్రి కూరలో ఉప్పు సరిగ్గా సరిపోయింది. ఈ మాట మీ అమ్మీతో చెప్పించడం లేదు, నీకే చెబుతున్నాను.