చార్మినార్ వైపు మిద్దెలు

కామారెడ్డి, 1940 డిసెంబరు 15, ఆదివారం.

మనవరాలు సరళ నిద్రపోయింది. ఇప్పుడు కూర్చుని రాస్తున్నాను.

నిన్న హైదరాబాదులో సరళను హాస్టలు నుంచి సెలవులకు తీసుకొస్తూ, బాగేఆం తోట పక్కనున్న గుట్ట ఎక్కాం. అక్కడి నుంచి అది పట్నాన్ని ఫోటో తీస్తుంటే తోట కావలివాడు అడ్డం వచ్చాడు.

"ఏంది బిడ్డా, మిద్దెల మీద పరదా లేకుండ ఘోషా ఆడోళ్లుంటరు. ఆ డబ్బ ఇటియ్యి, ఠాణాకు పోదాం."

ఠాణా మాట మా అబ్బాయి చెవిన పడితే కూతురి చదువు ఆగిపోయినట్టే.

"తీసేది ఆడపిల్లనే గద నాయనా. నువ్వే సూడు, మనిషి కానొస్తదా?" అన్నాను.

అతను డబ్బా అందుకుని, వంగి దాని అద్దంలోకి చూశాడు.

"చార్మినారే చింతగింజంత ఉన్నది గదవ్వా! ఇగ మనుషులేడ కానొస్తరు?" అని నవ్వి డబ్బా తిరిగిచ్చాడు.

"అవ్వా, ఇంకొక్కటి తీస్తనే," అంది సరళ. రెక్క పట్టుకుని లాక్కొచ్చాను. రైలెక్కాక భయం కోపమై, "ఇగ చదువు చాలు," అనేశాను. అది కెమెరా సంచిలో పెట్టేసి కిటికీ వైపు తిరిగింది.

గండం గడిచింది. అయినా ఆ వేళ ఏ ఇల్లాలైనా మిద్దె మీద తల ఆరబెట్టుకుంటూ ఉండి ఉంటే...

చేయవలసినవి:

1. ఫిల్ము కడిగించి ముందు నేను చూడాలి. మనిషి ఆనవాలు తెలిస్తే ఆ ఫోటో పొయ్యిలోకే.
2. అబ్బాయికి జరిగింది నేనే చెప్పాలి.
3. పొద్దున సరళ లేవగానే, సెలవులు ముగిశాక హాస్టలుకు నేనే దిగబెడతానని చెప్పాలి.