మెషిన్ తలుపు మీద ‘లూజు’

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువు. మీ ఆయన కంట పడనివ్వకు.

మీ ఆయన నా ప్రాణం మీదికి తెస్తున్నాడు. నవ్వకు. ఇనుము కోసే బ్యాండ్ సా మీద పొద్దుటి షిఫ్టు నాది, సాయంత్రం షిఫ్టు ఆయనది, నీకు తెలిసిందే. మూడు రోజులుగా నేను వెళ్లేసరికి బ్లేడు జారిపోయేంత వదులుగా ఉంటోంది. చూసుకోకుండా స్విచ్ వేస్తే అది చక్రం మీంచి ఎగిరి మొహాన కొడుతుంది. అలవాటు కొద్దీ మెషిన్ తలుపు తీసి చూశాను కాబట్టి బతికిపోయాను. పైగా స్విచ్ బోర్డుకి తాళం వేసి, తాళంచెవి మేస్త్రి దగ్గర పెట్టి పోతున్నాడు. నేను వెళ్లి చేతులు కట్టుకుని అడుక్కోవాలన్నమాట! ఇవన్నీ ఒకెత్తు. మెషిన్ తలుపు మీద సుద్దముక్కతో ఇంతింత అక్షరాలతో ‘లూజు’ అని రాస్తున్నాడు. నన్నే! నలుగురూ చూడకముందే గుడ్డ పెట్టి తుడిచేస్తున్నాను.

ఎందుకంత పగ అంటావా? నీకు చెప్పని సంగతి ఒకటుంది. పోయినేడు ఆయన బొటనవేలి కొస తెగింది చెయ్యి జారి కాదు. ఆయన బ్లేడు మారుస్తుంటే, చూడకుండా స్విచ్ వేసింది నేను. “నా పొరపాటే” అని ఆయన అందరితో చెప్పాడు. అప్పట్నుంచీ ఆయన మొహం చూడలేక, ఎదురొస్తే పక్కకి తప్పుకుంటున్నాను. ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నాడని నా అనుమానం. సన్న గొట్టానికి సన్న పళ్ల బ్లేడు వెయ్యాలని, లావు కడ్డీకి పెద్ద పళ్లది వెయ్యాలని, కోసేంతసేపూ బ్లేడుని చల్లబరిచే కూలెంట్ ధార ఆగకూడదని నాకు నేర్పిన మనిషే! రేపు మేస్త్రికి చెప్పేస్తాను. ఆయన ఉద్యోగం పోతే నన్ను తిట్టుకోకు.

నీ తమ్ముడు

*

అక్కా,

మొన్నటి ఉత్తరం ముక్కలు చేసి పారెయ్.

మేస్త్రికి అంతా చెప్పాను. ఆయన పడీ పడీ నవ్వాడు. “లూజు నువ్వు కాదయ్యా, బ్లేడు! ఊరికే తెగిపోతున్నాయని, పనయ్యాక వదులు చేసి ఉంచమని నేనే చెప్పాను. ఆ రోజు నువ్వు సెలవు. నీకు చెబుదామని మీ బావ వస్తే మొహం తిప్పుకుని పోయావట. ఏం చేస్తాడు, రాసిపెట్టాడు. బ్లేడు చూసుకోకుండా ఎవరూ స్విచ్ వెయ్యకూడదనే ఆ తాళం కూడా.”

తల కొట్టేసినట్టయింది. నన్ను కాపాడే మాటని మూడు రోజులు నా చేత్తోనే తుడిచేశాను.

షిఫ్టు మారేదాకా ఆగాను. “బావా, ఆ రోజు స్విచ్...” అన్నానో లేదో, “తెలుసులేరా, వేలు నాదేగా” అన్నాడు. అక్కడే ఏడ్చేశాను అక్కా. బావ గ్లౌజులు నా చేతికిచ్చి కొత్త బ్లేడు ఎక్కించమన్నాడు. బోర్డుకి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పడేశాడు.

“ఎవడి చెయ్యి లోపలుంటే తాళంచెవి వాడి దగ్గరే ఉండాలి. ఎవర్నీ నమ్మకు. నన్ను కూడా.”

పళ్లు సరైన వైపు ఉన్నాయో లేదో రెండుసార్లు చూసి బిగించాను. తలుపు మూసి, సుద్దముక్కతో నేనే ‘టైటు’ అని రాశాను.

“ఏరా, నేను తాగొచ్చాననా?” అన్నాడు బావ.

మళ్లీ ఏడాదికి ఆ పూట ఇద్దరం కలిసి నవ్వాం.

నీ లూజు తమ్ముడు