రెప్పల మీద పసుపు మచ్చలు

రాజోలు, 14-8-84. తెల్లారినప్పటి నుంచీ ముసురు. కొబ్బరి దింపు అయింది.

తమ్ముడు ప్రసాదానికి, మేం క్షేమం.

"బక్కపలచటివాణ్ణి, నాకు కొవ్వు పరీక్ష ఎందుకు?" అని రాశావు. ఒళ్ళు మండింది. నలభైకే గుండె ఆగిపోయిన నాన్న లావుగా ఉండేవాడా? అలాగే పోయిన పెద్దన్నయ్య లావుగా ఉండేవాడా? మన నలుగురి కంటిరెప్పల మీదా అవే పసుపు మచ్చలు. దీనమ్మత్త "మనింటి అందంరా" అని మురిసేది. కాకినాడ డాక్టరు నా రక్తం చూసి, "అందం కాదండీ బాబూ, కొలెస్ట్రాలు. తండ్రి నుంచి వచ్చిందండి. తోడబుట్టినవాళ్ళకీ పిల్లలకీ కూడా చూపించండి" అన్నారు. నేను మాత్రలు మింగుతున్నాను. నెయ్యి మానేశాను.

పాప రెప్పలు కూడా చూసి రాయి. మరదలికి, పాపకి దీవెనలు.

వచ్చే నెల పెద్దన్నయ్య జ్ఞాపకార్థ కూడికకి పరీక్ష చేయించుకునే రా. లేకపోతే రాకు. నీకు కూడా కూడిక పెట్టించే ఓపిక నాకు లేదు.

ఇస్సాకు