ముందు పెనం, తర్వాతే కారు

హిరుత్,

మీరిద్దరూ చర్చి నుంచి వచ్చేసరికి నేను ఆఫీసుకి వెళ్ళిపోయి ఉంటాను. మన కరెంటు కారు ప్లగ్గు పీకేశాను. ముందు అత్తయ్యను కరెంటు పెనం మీద ఇంజెరా అట్లు పోసుకోమను. సాయంత్రం నీ తమ్ముడి సంబంధం వాళ్ళకి వడ్డించేది ఇంజెరానే, నా కారుని కాదు. ఆవిడ పని అయ్యాకే కారుకి ప్లగ్గు పెట్టు. రెండూ కలిపితే ఏమవుతుందో నిన్న చూశాం కదా. నేను దొంగచాటుగా కారుకి ప్లగ్గు పెట్టగానే ఇల్లంతా కరెంటు పోయింది. పెనం మీద ఇంజెరా సగమే కాలింది. "అల్లుడుగారూ, మీ కారు తిన్నాక మిగిలితే మాకూ కాస్త కరెంటు పెట్టండి" అన్న ఆవిడ మాట ఇంకా చెవిలో గింగురుమంటోంది. పెట్రోలు బంకు దగ్గర క్యూ తప్పిందని వీధంతా డప్పు కొట్టుకున్నాను. ఇప్పుడు సొంత ఇంట్లో పెనం వెనకాల క్యూ కట్టాను.

ఆ పచ్చి ఇంజెరా కోసం వెతక్కు. శిక్షగా నేనే తిన్నాను. ఇవాళ బాగా కాలింది ఒక్కటి నాకు దాచు.

తెషాలె

అన్నట్టు, కారు వాకిట్లో ఉండగా బోలె వైపు వెళ్ళే మినీబస్సు ఎక్కాడేమిటని పక్కింటి గెటాహున్ అడిగితే, నాకు జనంలో తిరగడం ఇష్టమని చెప్పు. మొన్న అతను పెట్రోలు క్యూలో చెమటలు కక్కుతుంటే, అద్దం దించి మరీ చెయ్యూపాను.