నీ పాట చివర దగ్గు

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. చర్చిలో వినిపిద్దామని, మిరపకాయలు కోస్తూ నువ్వు పాడిన పాటను నిన్న ఫోన్‌లోంచి కంప్యూటర్‌లోకి ఎక్కించాను. నీ గొంతు బాగా చిన్నగా ఉంటే వాల్యూమ్ పెంచాను. చివర్లో ఘాటుకి నువ్వు దగ్గావు. అది వినపడకుండా ఫేడ్ పెట్టి, పాటను మెల్లగా తగ్గించి ఆపేశాను.

అమ్మ విని, "దాని దగ్గేదే?" అంది.

"బాగుండదని తీసేశానమ్మా."

"మిరపచేలో దగ్గకుండా అదెప్పుడు పాడిందే? ఉండనీ."

ఫేడ్ తీసేశాను.

ఈ ఉదయం ఆరాధనలో పాట అయిపోగానే స్పీకర్‌లోంచి నీ దగ్గు వచ్చింది. నీతో కోతకు వచ్చేవాళ్లంతా తలలు వంచుకున్నారు. నా పక్కనున్న అమ్మ మాత్రం గబగబా సంచిలోంచి నీళ్ల బాటిల్ తీసి, మూత విప్పి, ఎవరికివ్వాలో తెలియక అలాగే పట్టుకుని కూర్చుంది.

నీ చెల్లి