వంశావళిలో రెండు కొత్త పేర్లు

షున్‌డాక్,
20 జూన్ 2018.

తమ్ముడు గామ్‌సింగ్‌ను ఆశీర్వదించి అక్క సౌలాన్ రాయునది.

ఇక్కడ నేను క్షేమం. సముద్రాల అవతల టమటావేలో నువ్వూ, ఆ దేశపు పిల్ల మరదలు రసోవా క్షేమమని నీ కూతురి నోటే విన్నాను. ముప్పై ఏళ్ళ తర్వాత నా దస్తూరీ చూసి కవరు చించి పారేయకు. ముందు చదువు. నీ కూతురు మన ఊరిని గెలిచిందిరా! ఫోనులో నీకు చెప్పేస్తానంటే నేనే వద్దన్నాను, నేను రాస్తానని.

మొన్న పడవల పండగ. పందేల భోజనానికి వంశమందిరం ముందు అరవై బల్లలు వేశారు. మేం పదిమంది ఆడవాళ్ళం వాకిట్లో చేపలు తోముతున్నాం. ఇంతలో భుజాన సంచీతో, చెమటకి ముద్దయిపోయి, ఒక నల్లపిల్ల వచ్చి గడప ముందు నిలబడి పైనున్న అక్షరాలు చూస్తోంది. కాంటన్‌లో సరుకు కొనడానికొచ్చి దారి తప్పిందనుకున్నాం. మన మాట ఎలాగూ రాదు కదా అని మావాళ్ళు నోళ్ళు తెరిచారు. ఆ జుట్టు చూడండర్రా, అచ్చం గొర్రెపిల్ల ఉన్నిలా ఉంది అని లిన్ వదిన అననే అంది.

ఆ పిల్ల సంచీ కింద దించి, తాపీగా, మన ఊరి యాసలోనే అంది కదా: పిన్నీ, ఆ గొర్రెని తర్వాత పులుసు పెట్టుకుందురు గాని, ముందు నాకు తాగడానికి కాసిని హాలండ్ నీళ్ళు ఇప్పించండీ అని!

లిన్ వదిన చేతిలో చేప జారి కాలువలో పడింది. సోడాని హాలండ్ నీళ్ళనడం మన తాతల నాటి మాట. నేను విని యాభై ఏళ్ళయి ఉంటుంది. మన కాంటనీసులో స్వరం ఒక్కటి జారితే అర్థం ఎక్కడికో పోతుంది, కాంటన్‌లో పదేళ్ళున్న ఉత్తరాది వాళ్ళే తడబడతారు. ఈ పిల్లకి ఒక్కటీ జారలేదు.

ఎవరి పిల్లవే నువ్వు అని అడిగారు. మక్ గామ్‌సింగ్ కూతుర్ని, మక్ హోయ్‌తింగ్‌ని, అమ్మ మాత్రం నీరీనా అంటుంది అని చెప్పింది. ఆ మాట వినగానే నేను లేచి వంటపాకలోకి పోయి పెద్ద కళాయి వెనక నిలబడ్డాను. ఎందుకో చివర చెబుతాను.

అక్కడ మీ కొట్లోనే ఉండి దానికి మన మాట నేర్పిన ఫూక్ బాబాయి చనిపోయేముందు, మన వంశావళిలో నీ పేరు ఎక్కించుకోవే అని దానితో అన్నాడట. ఆ పుస్తకం ముప్పై ఏళ్ళకోసారి అచ్చవుతుంది. మర్నాడే ప్రెస్సుకి పోవాలి. ఆ పని చూసేవాడు చియూమన్, బడిపంతులుగా రిటైరయ్యాడు. గామ్‌సింగ్ పేరు పక్కన సంతానం లేదని ఉందమ్మా, మాట వచ్చినంత మాత్రాన సరిపోతుందా, చిలక కూడా మాట్లాడుతుంది అన్నాడు.

నీ కూతురు ఊరుకుంటేగా! చిలకకి నేర్పాలన్నా ఇంట్లో ఎవరికో ఒకరికి భాష రావాలి కదా బాబాయ్, మీ ఇంట్లో పిల్లలకి ఎవరూ నేర్పినట్టు లేదే అంది. చియూమన్ మనవలంతా బళ్ళో నేర్పే మాండరినే మాట్లాడతారు. వాకిలంతా ఒకటే నవ్వు.

అప్పుడు బింగ్ పెదనాన్న కర్ర తాటించాడు. ఆయనకిప్పుడు తొంభై. పిల్లల మాండరిన్ అర్థంకాక ఏటేటా పండగ భోజనానికొచ్చి మాట్లాడకుండా తిని లేచిపోతాడు. దాన్ని దగ్గరికి పిలిచి, ఫూక్ నీకేం నేర్పాడే అన్నాడు. ఏం నేర్పాడు తాతయ్యా, కొట్టు తలుపు తీయడం ఆలస్యమైతే, లేవవే ఉప్పులో మరిచిపోయిన బాతుగుడ్డా అని తిట్టేవాడు అంది.

పెదనాన్న నవ్వాడు చూడు, కట్టుడుపళ్ళు ఊడి ఒళ్ళో పడ్డాయి. ఆ తిట్టు నాదిరా, పడవలో తెడ్డు తప్పినప్పుడల్లా ఫూక్‌గాడు నన్నే అనేవాడు, మా ఇద్దరికీ తప్ప ఎవరికీ తెలియదు, ఇంకేం రుజువు కావాలిరా నీకు అని చియూమన్ మీద కేకలేశాడు. నవ్వుతూనే ఏడ్చాడు.

చియూమన్ మెత్తబడ్డాడు కానీ, దగ్గరి బంధువు సంతకం ఉండాలన్నాడు. అందరూ వంటపాక వైపు తిరిగారు. నీ కూతురే లోపలికొచ్చింది. దాని నుదురు అమ్మదిరా. తగువేసుకుంటుందనుకున్నాను. అత్తా, ఆకలేస్తోంది, ఏ బల్ల దగ్గర కూర్చోమంటావు అని అడిగింది.

గరిటె పడేసి దాని చెయ్యి పట్టుకుని మన బల్ల దగ్గర కూర్చోబెట్టాను. కుంచె తీసుకుని, సంతానం లేదు అన్నది కొట్టేసి, హోయ్‌తింగ్ అని నేనే రాశాను. పక్కన రసోవా అని కూడా రాయబోతే, ఆ పేరుకి మనలో అక్షరాలెక్కడివక్కా అన్నాడు చియూమన్. చెవికెలా వినబడిందో అలా రాస్తాను, తప్పుంటే నా మరదలే వచ్చి దిద్దుకుంటుంది, నువ్వు జరుగు అన్నాను.

టపాకాయలు కాల్చారు. బింగ్ పెదనాన్న పదేళ్ళలో మాట్లాడనంత ఆ ఒక్క పూట మాట్లాడాడు. ఆఖరికి చియూమనే బాతు తొడ తెచ్చి దాని గిన్నెలో వేసి, వెళ్ళేలోగా మా పిల్లలకి నాలుగు తిట్లయినా నేర్పి పోవే తల్లీ అని బతిమాలాడు. ఇవాళ మందిరం అరుగు మీద పన్నెండు మందిని కూర్చోబెట్టుకుని తిట్టిస్తోంది. ఊరంతా వినబడుతోంది.

మరదలికి నా ఆశీస్సులు.

నీ అక్క,
సౌలాన్

తా.క. 1988లో నాన్న పేరు మీద నీకొచ్చిన ఉత్తరం, మళ్ళీ మొహం చూపించకు అన్నది, నాన్న మాట కాదు. ఆయనకి రాయడం రాదు. ఆయన చెప్పిందొకటి, నేను రాసిందొకటి. నన్నూ పిలిపించుకుంటానని వెళ్ళి, పెళ్ళి చేసుకున్నానని కబురు పంపావు. ఆ కసి నాది. సంతానం లేదని రాయించిందీ నేనే. నాన్న పోయేదాకా నీ జవాబు కోసం చూశాడు. ఆ రోజు ఆయన చెప్పింది ఒక్క మాట మార్చకుండా ఇప్పుడు రాస్తున్నాను: “కోడలికి మన తిండి పడుతుందో లేదో రాయి. బిడ్డ పుడితే మన మాట నేర్పు. బయల్దేరేముందు చెప్పు, కాంటన్ రేవు దాకా నేనే వస్తాను.”